అక్క ఏరుకున్న తావులు

మా అక్క ఎడమ భుజం ఊకె దర్వాజకు కొట్టుకునుడు మొదలైన కొత్తల నేను పట్టించుకోలే. మనిషికి తొందరెక్కువ, గంతే అనుకున్న. ఒకనాడు కరీంనగర్ బస్టాండ్ ముంగట ఇద్దరం రోడ్డు దాటుతుంటె పక్కకెళ్ళి వస్తున్న ఆటో ఆమెకు కనబడలే. చెయ్యి పట్టి ఎనుకకు గుంజిన. "ఏడికెళ్ళి వచ్చిందే ఇది?" అని అడిగింది. ఆటో చానాసేపటి సంది హారన్ కొట్టుకుంట వస్తనే ఉన్నది. హారన్ ఆమెకు ఇనబడ్డది, ఆటో ఏ దిక్కున్నదో దొరకలే. నేను దవాఖానల నర్సుగ పనిచేసే మనిషిని. గా మాట ఇన్నంక ఇది తొందర కాదని సమజైంది. మరునాడే కండ్ల డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన.

ఆడ ఒక మిషిన్ల తల పెట్టిచ్చి, వెలుగు చుక్క కనబడ్డప్పుడల్ల బటన్ నొక్కమన్నరు. నేను పక్కన స్టూల్ మీద కూసోని బటన్ చప్పుడు కోసం ఎదురుచూస్తున్న. కొద్దిసేపు టకటక ఇనబడేది, మళ్ళ చానాసేపు ఏం ఇనబడకపోయేది. చుక్కలు వస్తున్నయని, ఆమెకు కనబడుతలేవని నాకు ఎరుకైతనే ఉన్నది.

డాక్టర్ నిమ్మళంగనే చెప్పిండు. గ్లకోమా అన్నడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటున్నదట, చూపు అంచులకెళ్ళి మూసుకుంట వస్తున్నదట, నడుమ మాత్రం ఇంకా మంచిగనే ఉన్నదట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్న చూపు నిలబడేతందుకు రోజూ చుక్కల మందు వేసుకోవాలె. అక్క అంతా ఇన్నది. "ఉన్నది ఎన్నాళ్ళు ఉంటది సార్?" అని ఒక్కటే అడిగింది. చెప్పలేనమ్మా అన్నడు. చానామందికి ఏండ్లకేండ్లు అట్లనే ఉంటదట, కొందరికి ఉండదట.

బయటికి వచ్చి రోడ్డు పక్కన టీ తాగినం. ఇంటికి పోయినంక ఏడుస్తదేమో, ఏం చెప్పి ఊరడించాలె అని నేను మాటలు ఎతుక్కుంటున్న. ఆమె గిలాస కింద పెట్టి కొంగుతోని మూతి తుడుచుకున్నది.

"దేశం చూడాలె చెల్లె," అన్నది. "చూపు ఉన్నప్పుడే."

మాది లక్సెట్టిపేట. బాపు పొలం పనులకు పోయేది, ఆదివారాలు చర్చిల గంట కొట్టేది. మమ్మల్ని కన్న అవ్వ నా చిన్నతనంలనే పోయింది. నాకు జడలు వేసింది, జరం వస్తె పక్కన కూసున్నది, అక్షరాలు దిద్దిచ్చింది అక్కనే. మిషన్ బడిల చదివి, ట్రైనింగ్ చేసి, సర్కారు బడిల సోషల్ టీచర్ అయింది. పెండ్లి సంబంధాలు వచ్చినయి. ఒక్కటి గుడ ఒప్పుకోలే. ఎందుకని నేను అడుగలే, ఆమె చెప్పలే.

నేను ఆమె క్లాసుల కూసోని చదువుకున్న దాన్ని. చాక్‌పీసు తీసుకోని, బోర్డు మీదికెళ్ళి చెయ్యి ఎత్తకుంట దేశం పటం గీసేది. కాశ్మీర్ కాడ మొదలు పెట్టి, గుజరాత్ మూతి తిప్పి, పడమటి ఒడ్డు పొంటి కిందికి జారి, కొసకు జర ఆగి, మళ్ళ బెంగాల్ దిక్కు ఎక్కేది. పిల్లలం ఊపిరి బిగవట్టి చూసేది. కనుమలెట్ల ఉంటయి, ఎడారిల ఇసుక మాపటీలి ఏ రంగుకు తిరుగుతది, మొగులు సముద్రం మీదికెళ్ళి లేచి ఏ కొండకు గుద్దుకొని వాన కొడుతది, ఇవన్ని చెప్తుంటె ఈమె అన్ని తిరిగొచ్చిందని మేం నమ్మినం. నిజానికి ఆమె చూసింది హైదరాబాదు, మెదక్ చర్చి, అంతే. ఎప్పుడు బయలెల్లుదామన్న ఏదో ఒకటి అడ్డం వచ్చేది. నా చదువు, బాపు మంచం పట్టుడు, ఎలక్షన్ డ్యూటీలు, పదో తరగతి పరీక్షలు. చూస్తుంటె చూస్తుంటె రిటైర్ అయింది.

ఆ ఆదివారం ప్రార్థన అయినంక కరీంనగర్ల మా ఇంట్ల అన్నానికి కూసున్నప్పుడు మాట బయటపడ్డది. చుట్టాలందరు తలా ఒకటి చెప్పిండ్రు. ఒకరు వేలాంగణ్ణి పొమ్మన్నరు. ఒకరు గోవా అన్నరు, చర్చిలకు చర్చిలు, సముద్రానికి సముద్రం అని. మా ఆయనకు ట్రాక్టర్ సామాన్ల దుకాణం. ఆయన ఇంతకు ముందు దోస్తులతోని కాశ్మీర్ పోయొచ్చిండు కాబట్టి కాశ్మీర్ తప్ప ఇంకొకటి లేదన్నట్టు మాట్లాడిండు. ఫోన్ల వీడియోలు పెట్టి చూపిచ్చిండు. అక్క ఓపికగ అన్ని చూసింది. ఫోన్ ఆమె చూపుకు సరిగ్గ పట్టుతుండె. "తమ్మీ, గీ రంగులు నిజంగ గింత ఉంటయా?" అని అడిగింది. ఆయన నవ్వి, అంత ఉండయి వదినె అని ఒప్పుకున్నడు.

చుట్టాలు పోయినంక నా కొడుకు చదువుకున్న పటం గోడకెళ్ళి తీసి మంచం మీద పరిచినం. ఆమె చూపు ఎంత చిన్నదైందో అప్పుడు చూసిన. ఇదివరకు పటం ముంగట పెడితె ఒక్కసారే మొత్తం చూసి, వేలు సీదా కావలసిన కాడ పెట్టేది. ఇప్పుడు వేలు ముంగట పోతున్నది, మొఖం దాని ఎంబడి పోతున్నది. రాజస్థాన్ చూస్తున్నప్పుడు అస్సాం లేదు ఆమెకు. అయినా వేలు ఎక్కడ తప్పుతలేదు. నేను మొఖం అటు తిప్పుకొని గిన్నెలు సదురుకున్న.

ఆమెకు అన్ని తావులు కావాలె. ఇసుక తిన్నెలు, మంచుకొండలు, సుందరవనాలు, చాయ్ తోటలు, వెన్నెల రాత్రి తెల్లగ మెరిసే ఉప్పు బయలు. ఒకటి తీసేద్దామంటె ఒకటి అడ్డం పడుతుండె. చివరికి పటం మలిచి, ముందు మన దగ్గరి నీళ్ళు చూసొద్దాం అన్నది. నా కన్ను ఇంకా ఏం చూడగలుగుతదో ఎరుక కాకుంట ఎట్ల ఏరుకుంట, అన్నది. అప్పటికి వానలు తగ్గినయి, కుంటాల మంచిగ దుంకుతున్నదని జనం చెప్పుకుంటుండ్రి. ఆదిలాబాద్ జిల్లా మనకు పక్కనే, అయినా మేం ముగ్గురం ఆ జలపాతం ఎన్నడు చూడలే.

మా ఆయన కారు తీసిండు. లక్సెట్టిపేటల అక్కను ఎక్కిచ్చుకొని జన్నారం అడివి మీదికెళ్ళి పోయినం. టేకుచెట్లు పూత మీద ఉన్నయి. తెల్లటి పూత, కొమ్మల మీద ఎవరో పిండి సల్లినట్టు ఉండె. అక్క ముంగటి సీట్ల కూసోని అద్దంలకెళ్ళి సీదా చూస్తున్నది. చెట్టు ఎదురుంగ వస్తది, దగ్గరికి వచ్చేసరికి మాయమైతది అని చెప్పింది. ఏడుపు గొంతుతోని కాదు, కొత్త సంగతి ఒకటి కనుక్కున్నట్టు చెప్పింది. నిర్మల్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కినంక గాలి సల్లబడ్డది. నేరడిగొండ కాడ మలిగినం.

జలపాతం కాడికి మెట్లు చానా దిగాలె. తడిసి జారుతున్నయి. నా చెయ్యి అందిచ్చిన. వద్దన్నది. ఇనుప పైపు పట్టుకొని, ఒక్కొక్క మెట్టు పాదంతోని తడిమి చూసుకుంట దిగింది. దిగినకొద్ది చప్పుడు పెద్దగైతున్నది. కింద బండల కాడ నిలబడితె తుంపర్లు మొఖం మీద పడుతున్నయి. నా ముంగట రెండు మూడు పాయలుగ నీళ్ళు నల్లటి బండల మీదికెళ్ళి దుంకుతున్నయి. అక్క దిక్కు తిరిగి చూసిన. ఆమె మొఖంల సంతోషం లేదు. తల పైకి ఎత్తింది, కిందికి దించింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది.

ఏమైందని అడిగిన.

"తెల్లటి చీర ఆరేసినట్టు ఉన్నది," అన్నది. "నీళ్ళు కనబడుతున్నయి. జలపాతం కనబడుతలేదు."

ఇగ పోదాం అన్నది అక్క. ఎక్కుడు మొదలుపెట్టినం. ఆమె ముంగట, నేను ఎనుక. ఎందుకు తీసుకొస్తిమి ఈడికి అని నన్ను నేనే తిట్టుకుంటున్న. దేశమంత తిరిగినా గిట్లనే తెల్లటి చీరలు చూసి వచ్చుడే అయితదేమో అని బుగులు పట్టుకున్నది.

సగం మెట్లు ఎక్కినంక ఆమెకు దమ్ము వచ్చింది. ఆగి, పైపు పట్టుకొని ఎనుకకు తిరిగింది. తిరిగి అట్లనే ఉండిపోయింది. ఎంతకు కదుల్తలేదు. కండ్లు తిరుగుతున్నయేమో అని భుజం మీద చెయ్యేసిన.

"ఇగో చెల్లె," అన్నది మెల్లగ. "ఈడికెళ్ళి మొత్తం పడుతున్నది. పైన మొగులు, బండలు, నీళ్ళు, కింద మడుగు. ఆడ ఎర్ర రుమాలు కట్టుకున్నాయన కూసున్నడు చూడు, ఆయన గుడ కనబడుతున్నడు."

ఆయన నాకు ఎతికితె గని దొరకలే.

అప్పటి సంది ఆమె కిందికి రెండు మెట్లు దిగుతది, చూస్తది, మళ్ళ పైకి ఎక్కుతది, చూస్తది. మెట్ల మీద ఉరుకుతున్న పిల్లల మీద పడకుంట వాళ్ళకు తోవ ఇచ్చుకుంట, మొఖం వెలిగిపోతుంటె, తనకు సరిగ్గ సరిపోయే మెట్టు ఎతుక్కున్నది. దొరికినంక ఆడనే కూలబడ్డది. ఇంటికెళ్ళి తెచ్చిన సర్వపిండి రొట్టెల మూట నేను ఇప్పితె తినుకుంట జలపాతం మీదికెళ్ళి కన్ను తియ్యలే. మా ఆయన గుడ మెట్టు మీద కూసున్నడు. ఆయనకు ఒక్క తాన కుదురుగ కూసునుడు అలవాటు లేదు. ఆనాడు కూసున్నడు.

పైకి వచ్చినంక ఒక హోటల్ల అటుకుల పోహా తిన్నం. పెట్టిన ఆడామె తెలుగుల మరాఠీ కలుస్తుండె, అక్కను 'తాయీ' అని పిలిచింది, అక్కా అన్నట్టు. తాయీ, కిందికి పోయి మంచిగ చూసిన్రా అని అడిగింది. కిందికి పోయి కాదు, మీదికి వచ్చి మంచిగ చూసిన అన్నది మా అక్క. ఆమెకు సమజ్ కాలే, అయినా నవ్వింది. ఇంకో పిడికెడు పోహా వేసింది.

కారెక్కినంక అక్క నాకు అరటిపండు ఒలిచి చెప్పినట్టు చెప్పింది. దగ్గరికి పోతె ఏదైనా ఆమె చూపుకు ఒక తునకనే దొరుకుతది. దూరం జరిగితె అంతా చిన్నదై ఆ నడిమి కిటికీల పడుతది. కాబట్టి దూరంకెళ్ళి చూసినా అందం చెడని తావులే ఏరుకోవాలె. నర్సునై ఉండి ఈ ముచ్చట నాకు తట్టలే. ఆమె ముంగటి సీట్ల కూసోని, అప్పటి మా క్లాసుల నిలబడి చెప్పినంత హుషారుగ చెప్తుంటె, ఈ మనిషికి చెల్లెనైనందుకు నాకు గర్వమనిపిచ్చింది.

ఇంటికి వచ్చి మళ్ళ పటం పరిచినం. ఈసారి తీసేసుడు తొందరగ అయింది. ఉప్పు బయలు తీసేసింది, దానికి ఈ కొస ఆ కొస ఉండదు, నా కంటికి తెల్ల గోడ ఒక్కటే అన్నది. సుందరవనాలు తీసేసింది. "పులి పక్కకెళ్ళి వస్తె నాకు కనబడది," అన్నది, అంటె మేం ముగ్గురం నవ్వినం. ఎడారి కాడ మాత్రం వేలు చానాసేపు ఆగింది. అది ఆమెకు చిన్నప్పటి సంది ఇష్టం. ఒక్క తిన్నె అయితె దూరంకెళ్ళి చూడొచ్చు గని ఎడారి అంటె ఒక్క తిన్నె కాదు కదా, నలుదిక్కుల అదే ఉండాలె అన్నది. అని వేలు తీసేసింది.

మంచుకొండలు ఉంచింది. కాశ్మీర్ కాదు, డార్జిలింగ్. ఆడ ఊర్లకెళ్ళి చూస్తె లోయ అవుతల కాంచనజంగ కనబడుతదని, ఎంత పెద్ద కొండయినా అంత దూరంకెళ్ళి చేతి గుప్పెడంతనే ఉంటదని చెప్పింది. మా ఆయనకు జర చిన్నబుచ్చినట్టయింది గని ఒప్పుకున్నడు. మున్నార్ చాయ్ తోటలు ఉంచింది. కన్యాకుమారి ఉంచితె నేను అడ్డం చెప్పిన. సముద్రం బయలే కదా, నీ కంటికి ఎట్ల పడుతది అన్న. అది కండ్లకు కాదు, కాళ్ళకు అన్నది. నేల ఏడ అయిపోతదో ఆడ ఒకసారి నిలబడాలట.

చివరికి మేఘాలయల వేలు పెట్టింది. సోహ్రా. వానలకు పేరుమోసిన తావు. వానకాలంలనే పోవాలె అన్నది. ఆ కాలంల ఏం కనబడది, తోవలు కూలుతయి, అందరు వద్దంటరు అన్నడు మా ఆయన.

"తమ్మీ, ఏండ్లకేండ్లు బడిల దాన్ని ఒక్క వాక్యంల చెప్పి దాటిన," అన్నది అక్క. "వాన చూడాలంటె వాన కొట్టేటప్పుడే పోవాలె."

క్రిస్మస్ అయినంక ఇద్దరం మంచిర్యాలల రైలెక్కినం. మా ఆయనకు దుకాణం విడిచి రావుడు కుదరలే. స్టేషన్ దాక వచ్చి, నీళ్ళ సీసాలు కొనిచ్చి, ఫికర్ చెయ్యకుండ్రి అని తనే ఫికర్ చేసుకుంట నిలబడ్డడు. చుక్కల మందు సల్లగ ఉండాలె కాబట్టి మంచుముక్కలు వేసిన ఫ్లాస్కుల పెట్టి నా సంచిల పెట్టుకున్న. తోవ పొడుగుత ఏ స్టేషన్ వచ్చినా నేను ముందు మంచు కోసం దిగేదాన్ని.

కన్యాకుమారిల అక్క చెప్పులు ఇడిచి నీళ్ళల్ల నిలబడ్డది. అలలు ఏ దిక్కుకెళ్ళి వస్తున్నయో ఆమెకు దొరకక రెండుసార్లు తడబడ్డది. మోకాళ్ళ దాక తడిసింది. ఇగ చాలక్కా అన్నా ఇనలే. మున్నార్ల లోయ అవుతలి కొండ మీద ఆకు తెంపేటోళ్ళను రంగు చుక్కల లెక్క చూసుకుంట ఒక పొద్దంతా కూసున్నది. ఎవరు ముంగటికి జరిగింది, ఎవరు ఎనుకబడ్డది నాకు చెప్పుకుంట. దగ్గరికి పోదామా అంటె వద్దన్నది. నేను ఒక్కదాన్నే తోటలకు పోయి వచ్చిన. ఆకు వాసన, తడి మట్టి, జెలగల భయం తప్ప నాకు అంత గొప్పగ ఏం అనిపియ్యలే. ఆమె పక్కన కూసుంటెనే ఎక్కువ కనబడ్డది.

డార్జిలింగ్ల రెండు పొద్దులు మంచు కమ్మి కొండ కనబడలే. జనం కోడి కూయకముందే జీపులల్ల ఇంకా పైకి పోతుండ్రి. అక్క రానన్నది. ఆ గుంపుల ఎవరిని గుద్దుకుంటనో, ఈ వరండానే మంచిగున్నది అన్నది. మూడోనాడు తెల్లారినంక నేను బట్టలు మలుస్తుంటె వరండాలకెళ్ళి నన్ను పేరు పెట్టి పిలిచింది. ఎన్నడు చెల్లె అనే పిలుస్తది, పేరు పెట్టి పిలువది. ఉరికిన. ఎండ పడి కొండ మెరుస్తున్నది, ఇటు కొసకెళ్ళి అటు కొస దాక. ఆమె చెయ్యి ముంగటికి చాపి, గుప్పిట బిగిచ్చి, ఒక కన్ను మూసి కొలుస్తున్నది. గుప్పిట తీసి అట్లనే చూసింది. కండ్లకెళ్ళి నీళ్ళు కారుతున్నయి, తుడుచుకుంటలేదు. చలికేమో అనుకుందామంటె నా కండ్లల్ల గుడ నీళ్ళే.

ఇంటికి వచ్చినంక మళ్ళ మిషిన్ల తల పెట్టింది. ఎడమ దిక్కు ఇంకా జర మూసుకున్నదని, నడుమ మాత్రం అట్లనే ఉన్నదని డాక్టర్ చెప్పిండు. మందు మార్చిండు. వానకాలం దాక ఆగుతదా అని అక్క అడిగింది. వానకాలంల ఏమున్నదమ్మా అని ఆయన అడిగితె సోహ్రా గురించి చెప్పవట్టింది. బయట మనుషులు ఎదురుచూస్తున్నా ఆయన పెన్ను కింద పెట్టి ఇన్నడు.

వానకాలంల పోయినం. ఒక ముసలామె ఇంట్ల అర్ర కిరాయికి తీసుకున్నం. ఆమెకు మా భాష రాదు, మాకు ఆమె భాష రాదు. రేకుల మీద వాన పడుతుంటె ఎట్లాగు ఒకరి మాట ఒకరికి ఇనబడకపోయేది. ఆ చప్పుడు లక్సెట్టిపేట వాన చప్పుడు కాదు. ఒక్కసారి సన్నగైతది, ఒక్కసారి కొండంత మీద పడ్డట్టయితది, మొగులు దర్వాజలకెళ్ళి లోపలికే వస్తది, పక్కల బట్టలు తడుస్తయి. అక్క కిటికీ కాడ కుర్చీ వేసుకొని, కండ్లు మూసుకొని ఇనేది. ముసలామె పక్కన కూసోని, ఒళ్ళు వేడి చేసే పచ్చి వక్క, ఆకు ఇచ్చింది. అక్క నమిలింది. చెవులు ఎర్రబడ్డయి, చెమట పట్టింది. ఇద్దరు ముసలోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్విండ్రు.

ఇంటికి తిరిగి పోవాలనుకున్న నాడు పొద్దుగాల వాన జర ఆగింది. ముసలామె వచ్చి పరదా పక్కకు గుంజింది. మొగులు లోయలకెళ్ళి పైకి లేస్తున్నది. నాకు పచ్చదనం తప్ప ఏం కనబడలే. అక్క కుర్చీలకెళ్ళి లేచి, అవుతలి కొండ దిక్కు వేలు చూపిచ్చింది. "ఆడ దుంకుతున్నది చూడు," అన్నది. నేను అటు చూసి, ఇటు చూసి, ఆమె వేలు పొంటి తల వంచి చూస్తె అప్పుడు దొరికింది. దారప్పోగంత తెల్లటి గీత, కొండ మీదికెళ్ళి కింది దాక. ఎంత ఎత్తు నుంచి పడుతున్నదో, చప్పుడు మాత్రం ఈడిదాక రాలే.

ఇంకొక దినం ఉందామా అని అడిగింది. మేం మాట్లాడుకున్న బండి ఆయనకు నేను ఫోన్ చేసి రావద్దని చెప్పిన.